మత్తును ఎదిరించిన పాట: చిత్తూరు సీమ నూరేళ్ళ చరిత్ర

దక్షిణ రాయలసీమలో మద్యాన్ని మాన్పించడానికి జరిగిన ప్రయత్నాల చరిత్ర ఎక్కువగా చట్టాల చరిత్రగానే కనిపిస్తుంది. ఏ ప్రభుత్వం నిషేధం విధించింది, ఏ ప్రభుత్వం ఎత్తివేసింది, ఖజానాకు ఎంత నష్టం వచ్చింది అనే ప్రశ్నల చుట్టూనే అది తిరుగుతూ ఉంటుంది. అయితే ఈనాటి తిరుపతి, చిత్తూరు జిల్లాల నేలమీద అటువంటి చట్టాలకు ముందో వెనుకో ఒక పాట కూడా నడిచింది. భజన మందిరంలోనూ, నాటకశాలలోనూ, వెండితెరమీదా, చివరకు సారా దుకాణం ముందు బైఠాయించిన ఆడవాళ్ళ నోటా ఆ పాట రూపాలు మార్చుకుంటూ వచ్చింది. దానిని ఎవరు పాడారు, ఎవరిని ఉద్దేశించి పాడారు, తాగేవాడికి అందులో ఏ స్థానం దక్కింది అని అడిగితే, చట్టాల చరిత్ర చెప్పని సంగతులు కొన్ని బయటపడతాయి. అమెరికా నగరాల్లోని పేదపేటల్లో పుట్టిన హిప్‌హాప్ సంగీతం వ్యసనాన్నీ, దాని నుంచి కోలుకోవడాన్నీ తన ముఖ్య వస్తువుల్లో ఒకటిగా చేసుకొని, ఫోన్ల ద్వారా తిరుపతి విద్యార్థుల చెవుల్లోకి కూడా చేరిన ఈ కాలంలో, ఆ పరాయి పాట పక్కన ఈ సీమ పాటను ఉంచి రెండింటినీ పరిశీలించడం అవసరం.

పాటకు నేల సిద్ధమైన తీరు

చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న, ఉత్తర ఆర్కాటు జిల్లాలోని తెలుగు ప్రాంతాలనూ కడప జిల్లాలోని మదనపల్లె, వాయల్పాడు ప్రాంతాలనూ కలిపి ఏర్పడింది. ఒకవైపు తమిళసీమ, మరొకవైపు మైసూరు సంస్థానం ఆనుకొని ఉండడం వల్ల, ఇక్కడి మాటలోనూ వ్యాపారంలోనూ మూడు భాషల కలయిక ఉండేది. ఈత చెట్టు, తాటి చెట్టు నుంచి తీసే కల్లు, బెల్లం పులియబెట్టి కాచే సారా ఈ ప్రాంతపు ప్రధాన మత్తు పానీయాలు. వీటిమీద ప్రభుత్వం పెత్తనాన్ని అబ్కారీ అనేవారు. 1886లో వచ్చిన మద్రాసు అబ్కారీ చట్టం ప్రకారం గీతకు ఇచ్చే ప్రతి చెట్టుకూ పన్ను కట్టాలి, దుకాణం నడిపే హక్కును వేలంలో పాడుకోవాలి. వేలంలో ఎక్కువ మొత్తం పాడుకున్నవాడు ఆ సొమ్మును రాబట్టుకోవడానికి ఎక్కువ తాగించక తప్పదు కనుక, తాగుడు పెరగడం ఒక వ్యక్తి బలహీనతగా మాత్రమే గాక రాబడి విధానానికి సహజ ఫలితంగా కూడా మారింది. 1930ల నాటికి మద్రాసు ప్రభుత్వ ఆదాయంలో భూమిశిస్తు తరువాత పెద్ద వాటా అబ్కారీదే.

ఈ వ్యవస్థను ఎదిరించే పాటకు కావలసిన పనిముట్లు మాత్రం అప్పటికే ఊరూరా సిద్ధంగా ఉన్నాయి. ఈ సీమ పల్లెల్లో రామమందిరాలు భజనకు నెలవులు. చేతిలో చెక్కలు పట్టుకొని, వాటి మధ్య బిగించిన తాళపు బిళ్ళల మోతకు అనుగుణంగా అడుగులు వేస్తూ పాడే చెక్కభజన, పండరినాథుని పేర గజ్జెలు కట్టి ఆడే పండరి భజన, కోలాటం పల్లె యువకులకు సాయంకాలపు చదువుల వంటివి. ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర రోజుల తరబడి జరిగే భారత ఉత్సవాల్లో పగలు హరికథ, రాత్రి వీధి నాటకం నడుస్తాయి. అర్జునుడి వేషధారి తపస్సు మాను ఎక్కే ఘట్టాన్ని చూడడానికి చుట్టుపక్కల ఊళ్ళన్నీ తరలివస్తాయి. కథ, పాట, నీతి కలిపి ఒకేచోట వినడం అలవాటైన ఇటువంటి జనానికి, తాగుడు మీద పాట కట్టి వినిపించడం కొత్తగా నేర్పవలసిన విద్య కాలేదు.

వీటన్నిటికంటె లోతైన మరో వారసత్వం కూడా ఈ నేలకు ఉంది. తాళ్ళపాక అన్నమాచార్యులు (1408–1503) తిరుమల వేంకటేశ్వరుని మీద 32,000 సంకీర్తనలు రచించారని ప్రతీతి. వాటిలో రాగిరేకుల మీద మిగిలి నేటికి దక్కినవి పన్నెండు వేలకు పైబడినవి. ఈ సంకీర్తనలను శృంగార, అధ్యాత్మ సంకీర్తనలని రెండు వర్గాలుగా విభజించారు. అధ్యాత్మ సంకీర్తనలలో కవి అనేక చోట్ల తన మనస్సు తన మాట వినడం లేదని, ఇంద్రియాలు తనను ఈడ్చుకొని పోతున్నాయని, ఎన్నిసార్లు బుద్ధి తెచ్చుకొన్నా మళ్ళీ ఆ గోతిలోనే పడుతున్నానని ఉత్తమ పురుషలో, అంటే తనను తానే మాట్లాడించుకుంటూ, ఒప్పుకుంటాడు; ఆ ఒప్పుకోలు చివరకు శరణాగతికి, అంటే తనకంటె పెద్ద శక్తి ముందు తన అశక్తతను అంగీకరించి చేయూత కోరడానికి, దారితీస్తుంది. ఇవి మద్యాన్ని గురించిన పాటలు కావు. అయినా, తన చేతిలో లేని అలవాటుకు బానిసైన మనిషి తన స్థితిని సభలో సిగ్గుపడకుండా చెప్పుకోగలిగిన పాట తెలుగులో ఐదువందల ఏళ్ళ కిందటే, ఈ కొండ కిందనే పుట్టిందని గుర్తుంచుకోవాలి. ఆ తరువాతి మద్యవ్యతిరేక గానం ఈ స్వరాన్ని అందుకున్నదా లేదా అనేదే ఈ చరిత్రలోని అసలు ప్రశ్న.

1938: చట్టం, చిత్రం

గాంధీజీ సహాయ నిరాకరణోద్యమంలో, అంటే 1921–22లో, కల్లు దుకాణాల ముందు పికెటింగు ఒక ముఖ్య కార్యక్రమమైంది. పికెటింగు అంటే దుకాణం ముందు నిలబడి, లోపలికి పోయేవారికి నచ్చజెప్పి, వినకపోతే అడ్డంగా కూర్చొని, పోలీసుల దెబ్బలకు ఎదురుచెప్పకుండా ఉండడం. ఈ పనికి భజన బృందం ఎంతో అనువైనది; రామనామం పాడుతూ వీధిలో పోయేవారిని అరెస్టు చేయడం ప్రభుత్వానికి చిక్కైన పని. ఆ కాలంలోనే తెలుగు నాటకరంగం కూడా తాగుడును వస్తువుగా తీసుకుంది. కాళ్ళకూరి నారాయణరావు రాసిన ‘మధుసేవ’ నాటకం ఈ సమస్యమీదనే నడుస్తుంది. తమిళసీమలో చక్రవర్తి రాజగోపాలాచారి (రాజాజీ) తిరుచెంగోడు గాంధీ ఆశ్రమం నుంచి ‘విమోచనం’ అనే పత్రికను మద్యనిషేధ ప్రచారం కోసమే నడిపారు.

రాజాజీ 1937లో మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రి అయ్యాక ఆ ప్రచారం శాసనరూపం పొందింది. 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలైంది. సరిగ్గా ఏడాది తరువాత, 1938 అక్టోబరు 1న, చిత్తూరు, కడప జిల్లాలకు దానిని విస్తరించారు. 1939 అక్టోబరు 1న ఉత్తర ఆర్కాటు వంతు వచ్చింది. అంటే తెలుగు జిల్లాలన్నింటిలో మొట్టమొదట చట్టబద్ధంగా మద్యాన్ని నిషేధించినవి చిత్తూరు, కడప జిల్లాలే. తరిగిపోయిన రాబడిని పూడ్చడానికి 1939లో ప్రవేశపెట్టిన అమ్మకపు పన్ను ఆ తరువాత రాష్ట్ర ప్రభుత్వాలకు ప్రధాన ఆదాయ మార్గంగా స్థిరపడిపోయింది. దుకాణం మూసివేసినంత మాత్రాన అలవాటు పోదని రాజాజీ ప్రభుత్వం గ్రహించింది కాబట్టి, సాయంకాలం కల్లు దుకాణం దగ్గర గడిపే మనిషికి మరో ఆకర్షణ కల్పించాలని భజనలు, ఆటలు, తేనీటి దుకాణాలు, గ్రామ కమిటీలు తన పథకంలో చేర్చింది. ఈ ఆలోచనలో భజన కేవలం ప్రచార సాధనం కాదు; తాగుడు వదిలిపెట్టిన మనిషికి ఖాళీ అయిన సాయంకాలాన్ని నింపవలసిన బాధ్యత కూడా దానిమీద పడింది. ఈనాటి వ్యసన చికిత్సకులు నొక్కి చెప్పే విషయాల్లో ఒకటైన ప్రత్యామ్నాయ జీవనక్రమం, ఆ పేరు లేకుండానే ఆనాటి ప్రణాళికలో చోటు చేసుకుంది.

చిత్తూరులో నిషేధం వచ్చిన ఆ 1938 సంవత్సరంలోనే హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో ‘గృహలక్ష్మి’ చిత్రం విడుదలైంది. వేశ్యాలోలత్వం, మద్యం ఒక డాక్టరు కుటుంబాన్ని ఎలా కూల్చివేశాయో చెప్పే ఈ చిత్రంలో కన్నాంబ ఇల్లాలిగా నటించగా, సంఘసంస్కర్త అయిన గోపీనాథ్ పాత్రలో ఒక కొత్త నటుడు తొలిసారి వెండితెరమీద కనిపించాడు. ఆయన చిత్తూరు వి. నాగయ్య. 1904లో రేపల్లెలో జన్మించి, చిత్తూరు ప్రాంతంలో పెరిగి, చిత్తూరు రామవిలాస సభ నాటకాల్లో గాయక నటుడిగా పేరు తెచ్చుకొని, ఆ ఊరి పేరునే ఇంటిపేరుగా ధరించిన కళాకారుడు. కల్లు మానమని ప్రజలకు హితవు చెప్పే పాట ఒకటి ఈ చిత్రంలో ఆయన నోట వినిపించి బహుళ ప్రచారం పొందింది. ఏ పట్టణపు రంగస్థలం ఆయనను తీర్చిదిద్దిందో ఆ పట్టణంలో అదే ఏడాది దుకాణాలు మూతపడడం యాదృచ్ఛికమే అయినా, పాటా చట్టమూ ఒకే గాంధీయ వాతావరణంలో పుట్టాయనడానికి ఇంతకంటె స్పష్టమైన గుర్తు లేదు.

ఈ దశలోని పాట స్వభావాన్ని గమనించాలి. పాడేవాడు తాగనివాడు, చదువుకున్నవాడు, తెల్లని ఖద్దరు కట్టినవాడు, వినేవాడు తాగేవాడు. పాట మొత్తం మధ్యమ పురుషలో, అంటే ఎదుటివాడికి చెప్పే ధోరణిలో నడుస్తుంది. దానిలో ప్రేమ ఉంది, దేశభక్తి ఉంది, నిజాయితీ ఉంది. తాగేవాడి మాట మాత్రం లేదు. కల్లుగీత మీద బతికిన ఈడిగ కుటుంబాల మాట కూడా దానిలో వినిపించదు. వారిని తియ్యని నీరా తీయడానికి, బెల్లం తయారీకి మళ్ళించాలని ప్రభుత్వం యత్నించినా, తరతరాల జీవనోపాధి ఒక తేదీతో ఆగిపోవడం చిన్న దెబ్బ కాదు. పైగా 1938లో చిత్తూరు జిల్లా చుట్టూ ఉత్తర ఆర్కాటు, నెల్లూరు, అనంతపురం, చెంగల్పట్టు జిల్లాల్లోనూ మైసూరు సంస్థానంలోనూ మద్యం యథేచ్ఛగా అమ్ముడుపోతూ ఉండేది. పొలిమేర దాటితే దొరికే వస్తువును చట్టంతో ఆపడం ఎంత కష్టమో ఈ సరిహద్దు జిల్లా అందరికంటె ముందు తెలుసుకుంది.

తాగేవాడి గొంతు, కాని చావు వైపు

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, ప్రజా ప్రభుత్వం లేని రోజుల్లో, నిషేధం అటకెక్కింది. 1946లో మళ్ళీ దశలవారీగా మొదలై 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతటికీ వ్యాపించింది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ చట్టం వారసత్వంగా వచ్చింది. నిషేధాన్ని ఎత్తివేయాలని రామమూర్తి కమిటీ చేసిన సిఫారసు చుట్టూ చెలరేగిన వివాదంలో 1954 నవంబరులో ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. రాష్ట్రపు తొలి మంత్రివర్గం మద్యం ప్రశ్నమీద కూలిపోవడమే ఆ ప్రశ్న బరువును తెలుపుతుంది.

ఇదే కాలంలో తెలుగు పాట మరొక మలుపు తిరిగింది. నిషేధం అమలులో ఉన్న 1953లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో ‘దేవదాసు’ విడుదలైంది. శరత్‌చంద్రుని నవల ఆధారంగా తీసిన ఈ చిత్రంలో అక్కినేని నాగేశ్వరరావు నటనకు ఘంటసాల గొంతు తోడై, తాగేవాడి వేదన మొదటిసారిగా తాగేవాడి నోటనే ఊరూరా మారుమోగింది. అంతవరకు నీతిబోధకు గురికావలసిన పాత్రగా ఉన్న తాగుబోతు ఇక్కడ జాలికీ, ఒక్కోసారి ఆరాధనకూ పాత్రుడయ్యాడు. ఇది తెలుగు పాట సాధించిన పెద్ద విజయమే. మనిషి ఎందుకు తాగుతాడో అడగడానికి శ్రోతకు అది నేర్పింది. కాని ఆ గొంతు నడిచిన దారి ఒక్కటే, అది శ్మశానం వైపు. మానుకున్నవాడు, మానలేక మళ్ళీ పడి మళ్ళీ లేచినవాడు, పెళ్ళాం పిల్లల నమ్మకాన్ని రోజుకింత చొప్పున తిరిగి సంపాదించుకున్నవాడు ఆ తరువాతి తెలుగు సినిమా పాటలో కథానాయకుడు కావడం చాలా అరుదు. భగ్నప్రేమకు తాగుడు గుర్తుగా, ఆపైన ఉల్లాసానికి తాగుడు గుర్తుగా సినిమా పాట స్థిరపడిపోయింది.

1992: పాట చేతులు మారడం

1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం వచ్చిన తరువాత నిషేధానికి కాలం చెల్లింది. సారా వేలాలు తిరిగి వచ్చాయి. 1980లలో ‘వారుణి వాహిని’ పేరుతో ప్రభుత్వమే సారాను ప్లాస్టిక్ ప్యాకెట్లలో సరఫరా చేయడంతో, ఊరి బయటి దుకాణానికి నడిచి వెళ్ళి తాగవలసిన వస్తువు జేబులో పెట్టుకొని ఇంటికి తెచ్చుకొనే వస్తువయింది. 1991–92లో రాష్ట్రానికి మద్యం మీద వచ్చిన రాబడి 800 కోట్ల రూపాయలు దాటింది. రోజు కూలిలో సగం ప్యాకెట్లకే పోయిన ఇంట్లో మిగిలేది ఆకలి, దెబ్బలు.

దీనికి సమాధానం అక్షరాస్యతా ఉద్యమం నుంచి వచ్చింది. జాతీయ సాక్షరతా మిషన్ కింద 1990–91లో నెల్లూరు జిల్లాలో ‘అక్షర దీపం’ పేరుతోనూ, చిత్తూరు జిల్లాలో ‘అక్షర తపస్మాన్’ పేరుతోనూ వయోజన విద్యా కార్యక్రమాలు సాగాయి. భారత ఉత్సవాల్లో అర్జునుడు ఎక్కే తపస్సు మానును తెలిసిన చిత్తూరు వాసికి ఆ రెండవ పేరు వెంటనే మనసుకెక్కుతుంది. ఈ కార్యక్రమాలకు ప్రాణం కళాజాత, అంటే కొద్దిమంది గాయకులు, నటులు ఒక బృందంగా ఊరూరా తిరుగుతూ పాటలు, చిన్న నాటికలు ప్రదర్శించే పద్ధతి. కోలాటం పాట, ఉయ్యాల పాట, గొబ్బి పాట వంటి తెలిసిన బాణీలకే కొత్త మాటలు అమర్చడం వల్ల ఒకసారి వింటే చాలు, పాట ఊళ్ళో నిలిచిపోయేది. బుర్రకథకు ఇందులో ప్రత్యేక స్థానం ఉంది. నడుమ నిలబడి తంబురా మీటుతూ కథ చెప్పే కథకుడు, ఒకవైపు రాజకీయం మాట్లాడే వంతగాడు, మరోవైపు హాస్యం పండించే వంతగాడు కలిసి నడిపే ఈ ప్రక్రియలో మాట తాళానికి లోబడి పాటగా మారుతుంది, పాట మళ్ళీ మాటగా దిగివస్తుంది. ఊరి సమస్యను ఆ రాత్రికి ఆ రాత్రే కథలో చేర్చుకోవడానికి ఇంతకంటె అనువైన రూపం లేదు.

నెల్లూరు జిల్లా కలిగిరి మండలం దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమె తోటి స్త్రీలు సారా దుకాణాన్ని మూయించిన సంగతి అక్షర దీపం పాఠంగా అచ్చయి ఇతర గ్రామాలకు చేరింది. 1992 రెండవ సగానికి ఆ నిప్పు పొరుగున ఉన్న చిత్తూరు, కడప జిల్లాలకూ, అక్కడి నుంచి రాష్ట్రమంతటికీ పాకింది. ఆడవాళ్ళు దుకాణాల ముందు బైఠాయించారు, ప్యాకెట్లను తగలబెట్టారు, తాగి వచ్చిన మగవాళ్ళను నడివీధిలో నిలదీశారు, కలెక్టరు కార్యాలయాల దగ్గర వేలాలు జరగకుండా అడ్డుకున్నారు. పౌరహక్కుల నాయకుడు కె. బాలగోపాల్ ఆ ఏడాది నవంబరులోనే ఈ ఉద్యమాన్ని విశ్లేషిస్తూ వ్యాసం రాశారు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోనూ, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా అమ్మకాన్ని కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం నిషేధించింది. 1994 డిసెంబరులో తిరిగి అధికారానికి వచ్చిన ఎన్.టి. రామారావు తన తొలి సంతకంతో సంపూర్ణ నిషేధాన్ని ప్రకటించి, 1995 జనవరి 16 నుంచి అమలు చేశారు. అప్పటి చిత్తూరు జిల్లాలోని నారావారిపల్లెకు చెందిన ఎన్. చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రిగా ఉన్న 1997లో ఆ నిషేధం సడలింది; సారా నిషేధం మాత్రం మిగిలింది.

ఈ ఉద్యమంలో పాట చేతులు మారింది. ఖద్దరు కట్టిన సంస్కర్త స్థానంలో కూలిపని చేసి వచ్చిన ఇల్లాలు నిలబడింది. ఎదుటివాడికి హితవు చెప్పే స్వరం స్థానంలో ‘మేము’ అనే స్వరం వచ్చింది. ఆమె తాగేవాడిని మాత్రమే గాక, అమ్మేవాడినీ, అమ్మించే ప్రభుత్వాన్నీ పేరుపెట్టి ప్రశ్నించింది. తాగుడు ఒక మగవాడి చెడ్డ అలవాటు కాదు, రాబడి కోసం నడిపే వ్యాపారం అనే సత్యం పాటలో స్పష్టంగా పలికింది అప్పుడే. ఒకనాటి అబ్కారీ వేలాల రహస్యాన్ని పండితులకంటె ముందు, చదవడం అప్పుడే నేర్చుకుంటున్న స్త్రీలు బట్టబయలు చేశారు. అయితే ఇక్కడ కూడా ఒక ఖాళీ మిగిలిపోయింది. దుకాణం మూతపడిన మరుసటి రోజు ఉదయం చేతులు వణుకుతూ, నిద్రపట్టక, చెమటలు పట్టిన మనిషికి ఏం చేయాలో ఆ పాటలు చెప్పలేదు. ఆ పని వైద్యశాలది. ఆనాటికి వ్యసన చికిత్స కోసం ఈ సీమవాసులు ఎక్కువగా చూసే దిక్కులు వేలూరు, చెన్నై, బెంగుళూరు. చెన్నైలో 1980లో శాంతి రంగనాథన్ నెలకొల్పిన టి.టి. రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు బాగాయంలో ఉన్న మానసిక వైద్య కేంద్రం, బెంగుళూరు నిమ్హాన్స్ ఇందుకు ప్రసిద్ధి పొందిన సంస్థలు.

మరో దేశపు పాట

ఇక హిప్‌హాప్ సంగతి. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ పేటలో కూల్ హెర్క్ అనే యువకుడు నడిపిన ఒక వేడుకను ఈ సంస్కృతి పుట్టినరోజుగా భావిస్తారు. ర్యాప్ అంటే తాళానికి కట్టుబడి, ప్రాసలు గుప్పిస్తూ, గానానికీ సంభాషణకూ నడుమ పలికే మాట. హిప్‌హాప్ అంటే ఆ ర్యాప్‌తో పాటు రికార్డులను తిప్పి తాళం పుట్టించే డీజే కళ, బ్రేక్ డ్యాన్స్, గోడలమీది బొమ్మలు కలిసిన సంస్కృతి. 1982లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందం విడుదల చేసిన ‘ది మెసేజ్’ పేదపేట బతుకును ర్యాప్‌లోకి తెచ్చింది. 1983లో మెల్లె మెల్ పాడిన ‘వైట్ లైన్స్’ కొకైన్ మత్తును నేరుగా వస్తువు చేసుకుంది. 1980ల మధ్యలో క్రాక్ అనే చవకైన కొకైన్ రూపం నల్లజాతి పేటలను ముంచెత్తినప్పుడు, ర్యాపర్లు కొందరు దానిని అమ్మేవాడి గొంతుతోనూ, మరికొందరు దానివల్ల నాశనమైన ఇరుగుపొరుగు గొంతుతోనూ పాడారు. సారా పాటలకు ఈ దశతో దగ్గరి పోలిక ఉంది. రెండుచోట్లా ఒక పేద సమాజం తనను మింగుతున్న వ్యాపారాన్ని తన భాషలో, తన తాళంలో ఎండగట్టింది.

హిప్‌హాప్ దానికి మించి వేసిన అడుగు తరువాత వచ్చింది. మందుమాత్రల మితిమీరిన వాడకంతో 2007 చివర ప్రాణాపాయంలో పడి, 2008 నుంచి మత్తుకు దూరంగా ఉన్న ఎమినెమ్, 2009లో ‘రిలాప్స్’, 2010లో ‘రికవరీ’ అనే ఆల్బమ్‌లను వెలువరించాడు. మొదటిదాని పేరుకు అర్థం మానిన అలవాటులోకి తిరిగి జారడం, రెండవదానికి కోలుకోవడం. సియాటిల్ గాయకుడు మ్యాక్లెమోర్, 2008లో చికిత్స పొందిన తరువాత, తన వ్యసనం మీద పాటలు కట్టాడు. 2012లో వచ్చిన ‘స్టార్టింగ్ ఓవర్’ పాటలో, కొన్నేళ్ళపాటు మానిన తరువాత మళ్ళీ జారిపడిన తన అనుభవాన్నే దాచకుండా చెప్పాడు. కెండ్రిక్ లామార్ అదే ఏడాది ‘స్విమ్మింగ్ పూల్స్’ పాటలో, తాగమని చుట్టూ ఉన్నవారు చేసే ఒత్తిడినీ తన కుటుంబంలోని తాగుడునూ చిత్రించాడు. సామాజిక సేవా అధ్యాపకుడు ఎడ్గార్ టైసన్ 2002లో ప్రచురించిన అధ్యయనంతో ‘హిప్‌హాప్ థెరపీ’, అంటే ర్యాప్ పాటలను వినిపించి, రాయించి యువకుల మనోవేదనకు చికిత్స చేసే పద్ధతి, వృత్తిరంగంలో చర్చకు వచ్చింది. ఇదే సంగీతం మత్తును గొప్పగా చూపిన సందర్భాలు లెక్కకు మిక్కిలి ఉన్నమాట నిజమే. ఆ లోపం ఉన్నా, పడినవాడే లేచి మాట్లాడే ఒక సంప్రదాయాన్ని అది స్థిరపరచింది. మనస్సు తన మాట వినడం లేదని సభలో ఒప్పుకున్న తాళ్ళపాక కవి స్వరానికి ఆశ్చర్యకరంగా దగ్గరైన స్వరం ఇది.

తెలుగు శ్రోతకు ర్యాప్ పరిచయం సినిమా ద్వారానే జరిగింది. 1994లో శంకర్ దర్శకత్వంలో తమిళం నుంచి వచ్చిన ‘ప్రేమికుడు’ చిత్రానికి ఎ.ఆర్. రెహమాన్ కట్టిన ర్యాప్ పాట, మద్రాసుకు దగ్గరగా ఉన్న ఈ జిల్లాలో పల్లెపల్లెకూ చేరింది. చిత్రంగా, ఊళ్ళలో సారా వ్యతిరేక పాటలు ఇంకా వినిపిస్తున్న రోజులవి. తరువాత నోయెల్, రోల్ రైడా వంటి హైదరాబాదు గాయకులు తెలుగు ర్యాప్‌ను స్వతంత్ర ప్రక్రియగా నిలబెట్టారు. కాలిఫోర్నియాలో పెరిగిన తెలుగు కుటుంబపు బిడ్డ రాజకుమారి అమెరికా హిప్‌హాప్ రంగంలో గుర్తింపు పొందింది. ప్రభుత్వాలూ ఈ యువభాష బలాన్ని గుర్తించాయి. 2020 ఆగస్టులో కేంద్రం ‘నశా ముక్త్ భారత్ అభియాన్’ ప్రారంభించింది. గంజాయి, ఇతర మాదకద్రవ్యాల కట్టడికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో ‘ఈగల్’ అనే ప్రత్యేక పోలీసు విభాగాన్ని ఏర్పరచి, 1972 అనే సహాయ సంఖ్యను ప్రకటించి, ‘డ్రగ్స్ వద్దు బ్రో’ అనే నినాదాన్ని కళాశాలల్లోకి తీసుకువెళ్ళింది. నినాదంలోని పలుకుబడి కొత్తది. దాని స్వరం మాత్రం 1938 నాటిదే. ఎదుటివాడికి వద్దని చెప్పడమే దానిలోనూ ఉంది.

చరిత్ర ఇచ్చే తీర్పు

ఈ నూరేళ్ళను ఒకచోట చేర్చి చూస్తే, చిత్తూరు సీమ పాట ఏం సాధించిందో, ఏం సాధించలేదో తేటపడుతుంది. సంస్కర్త పాట తాగుడును జాతీయ ప్రశ్నగా మార్చింది. వెండితెర పాట తాగేవాడి పట్ల కరుణను నేర్పింది. ఆడవాళ్ళ పాట దుకాణం వెనుక ఉన్న రాబడిని వేలెత్తి చూపి, ప్రభుత్వాల చేత చట్టాలు చేయించింది. ఈ మూడింటిలోనూ కోలుకుంటున్న మనిషికి మాత్రం చోటు దొరకలేదు. మద్యానికి బానిస కావడం ఒక రోగమని, మానిన తరువాత మళ్ళీ జారిపడడం ఆ రోగ లక్షణాల్లో ఒకటే తప్ప నైతిక పతనం కాదని నేటి వైద్యశాస్త్రం చెబుతుంది. ఆ సంగతిని ఊరి భాషలో చెప్పగలిగిన పాట లేకపోవడం వల్లనే, చికిత్సకు వెళ్ళడమంటే పరువు పోగొట్టుకోవడం అనే భావం ఇంకా ఇళ్ళను వదలలేదు. నిషేధాలు 1943 తరువాత, 1968 తరువాత, 1997 తరువాత ఎందుకు నిలవలేదో వివరించేటప్పుడు రాబడి ఒత్తిడి, దొంగసారా, సరిహద్దులు కారణాలుగా పేర్కొంటారు. అవన్నీ నిజమే. వాటితో పాటు, దుకాణం మూయడం మీద పెట్టిన శ్రద్ధలో పదోవంతు కూడా మనిషిని నిలబెట్టడం మీద పెట్టకపోవడం మరో కారణం.

హిప్‌హాప్ నుంచి ఈ సీమ నేర్చుకోవలసింది దుస్తులూ యాసా కాదు. పడినవాడు తానే మాట్లాడాలన్న ధైర్యం నేర్చుకోవాలి. హిప్‌హాప్‌కు ఈ సీమ నేర్పగలిగింది కూడా ఉంది. తాగేవాడి బాధను చెబుతూ అమ్మేవాడి లాభాన్ని మరచిపోకూడదన్న 1992 నాటి ఎరుక అది. బుర్రకథ వంతపాటా, చెక్కభజన అడుగూ, ర్యాప్ ప్రాసా ఒకే తాళంలో ఇమడగలవని ఈ రూపాలు తెలిసినవారెవరైనా ఒప్పుకుంటారు. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానముల సంగీత నృత్య కళాశాల ఉంది, అన్నమాచార్య ప్రాజెక్టు ఉంది, విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. పల్లెల్లో భజన గురువులు, కళాజాతల్లో పాడిన స్త్రీలు ఇంకా ఉన్నారు. మానుకున్నవారిని పిలిచి, వారి కథను వారి నోటనే పాటగా కట్టించి, ఆ పాటను కళాశాలలకూ, భజన మందిరాలకూ, వైద్యశాలలకూ చేర్చే బాధ్యత వీరందరిదీ. సాయం కావలసినవారు పగలైనా రాత్రి అయినా 14446 అనే జాతీయ వ్యసన విముక్తి సహాయ సంఖ్యకు ఉచితంగా ఫోన్ చేయవచ్చునన్న సమాచారం ఆ పాట వెంటనే వినిపించాలి. దుకాణాన్ని మూయించగలిగిన పాట ఈ సీమకు ఉంది. మనిషిని తిరిగి ఇంటికి తేగలిగిన పాటను కూడా ఈ తరమే కట్టాలి.